చేప కళ్లకో ఈగ, మనిషి కళ్లకో ఈగ

ఏటి మీద ఎగిరే సన్నటి పురుగును పట్టి గాలానికి గుచ్చి చూడండి. వేళ్లు తగలగానే రెక్కలు నలుగుతాయి, రంగు వెలిసిపోతుంది. నీళ్లలో పడేసరికి అది పురుగులా ఉండదు, తడిసిన నలుసులా ఉంటుంది. చేప దాని వంక చూడను కూడా చూడదు. వానపాముతో రాని ఈ చిక్కు ఎగిరే పురుగుతో వస్తుంది. ఈకలూ దారమూ చుట్టి గాలం మీద దొంగ పురుగును తయారుచేసే విద్య ఈ చిక్కులోంచే పుట్టింది.

సుమారు 1800 ఏళ్ల కిందటే ఒకాయన ఈ కారణం రాసిపెట్టాడు. ఆయన ఏలియానస్, గ్రీకులో రాసిన రోమన్ రచయిత. మాసిడోనియాలో ఆస్ట్రియస్ అనే ఏటి దగ్గర జనం చేపలు పట్టే తీరు చెబుతూ, అక్కడి చేపలు నీటి మీద వాలే ఒక పురుగును ఇష్టంగా తింటాయన్నాడు. మనిషి చెయ్యి తగిలితే దాని రంగూ రెక్కలూ పాడైపోతాయి కాబట్టి జాలరులు దాన్ని ఎరగా వాడరట. బదులుగా గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, పుంజు మెడ కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు కట్టేవారట. గాలం, దారం, ఉన్ని, కోడి ఈక. ఇవాళ దొంగ పురుగులు కట్టేవాళ్ల బల్ల మీద చూసినా ముందు కనిపించేవి ఈ నాలుగే.

ఇలా గాలానికి కట్టిన దొంగ పురుగును ఇంగ్లీషులో ఫ్లై అంటారు. ఈగ అనేస్తే అన్నం మీద వాలే ఈగే గుర్తొస్తుంది కాబట్టి ఇక్కడ ఫ్లై అనే అందాం.

కొత్తవాళ్లకు మొదట వచ్చే సందేహం, ఇంత తేలికైన దాన్ని అంత దూరం ఎలా విసురుతారని. మామూలు గాలంలో బరువంతా చివరనే ఉంటుంది. సీసపు గుండో, ఎరో ముందుకు పోతూ వెనకాల తంగూసును లాక్కెళ్తుంది. ఫ్లైకి లాక్కెళ్లేంత బరువు లేదు, చిటికెడు దూది లాంటిది. అందుకని బరువును లైన్‌లోనే పెట్టారు. లావుపాటి లైన్‌ను కర్రతో వెనక్కీ ముందుకీ ఊపి కొరడాలా విప్పుతారు, దాని చివరన సన్నటి తంగూసు, ఆ చివరన ఫ్లై. ఎగిరేది లైన్. ఫ్లై ఊరికే దాని వెంట పోయి మెల్లగా వాలుతుంది. ఈ ఏర్పాటు వల్ల కట్టేవాడి నెత్తి మీంచి ఒక పెద్ద బరువు దిగింది: దూరం కోసం ఫ్లైని బరువుగా చేయాల్సిన పని లేదు. బరువు పెట్టినా పెట్టకపోయినా అది మునగడం, తేలడం కోసమే.

రకాల దగ్గరికొస్తే మాత్రం బుర్ర తిరుగుతుంది. నమూనాలు వేలల్లో ఉన్నాయి, పేర్లు చూస్తే దేనికీ దేనికీ పొంతన ఉండదు. ఒకటి కట్టినవాడి పేరు, ఒకటి ఏటి పేరు, ఇంకొకటి సరదాకి పెట్టింది. పేర్లు పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం చిక్కు విడిపోతుంది. ఇది నీళ్లలో ఎక్కడ ఉండాలి?

మేఫ్లై అనే పురుగు బతుకు తెలిస్తే ఈ ప్రశ్న ఎందుకో అర్థమవుతుంది. దాని పిల్ల నీటి అడుగున రాళ్ల సందుల్లో నెలల తరబడి పెరుగుతుంది. ఆ దశను నింఫ్ అంటారు. వేళ వచ్చాక పైకి ఈది, నీటి పైపొర దగ్గర తోలు చీల్చుకుని రెక్కలతో బయటపడుతుంది. ఆ తర్వాత ఇంకోసారి కుబుసం విడుస్తుంది. రెక్కలొచ్చాక కుబుసం విడిచే పురుగులు ఇవి తప్ప మరేవీ లేవు. పెద్దదైన మేఫ్లైకి పనికొచ్చే నోరే ఉండదు. తిండీ నీళ్లూ లేకుండా జతకట్టి, గుడ్లు పెట్టి, కొన్ని గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో చచ్చి నీటి మీద పరుచుకుంటుంది. ట్రౌట్ చేప ఈ దశలన్నిట్లోనూ దాన్ని తింటుంది. కాకపోతే ఒక్కోసారి ఏదో ఒక దశకే అతుక్కుపోయి మిగతావి ముక్కు ముందు నుంచి పోతున్నా పట్టించుకోదు. ఒడ్డున నిలబడ్డవాడికి పిచ్చెక్కేది అప్పుడే.

అడుగున దొర్లాల్సింది నింఫ్, నీటి లోపల కొట్టుకుపోవాల్సింది వెట్ ఫ్లై, పైన తేలాల్సింది డ్రై ఫ్లై. చిన్న చేపలా కనబడుతూ ఈదాల్సింది స్ట్రీమర్. మిగతా వేల పేర్లలో చాలావరకు ఈ నాలుగిట్లో ఎక్కడో ఒకచోట సర్దుకుంటాయి. ఎక్కడ ఉండాలో తేలాక ఏ ఈక వాడాలో కూడా తేలిపోతుంది.

కోడి ఈకనే తీసుకోండి, వెలుతురుకు ఎత్తి చూడండి. మధ్యలో కాడ, అటూ ఇటూ పీచులు. కాడకు దగ్గరగా పీచులు ఒకదాన్నొకటి అల్లుకుని మసకగా, మెత్తగా ఉంటాయి. నీళ్లు పీల్చేది ఆ మసక భాగమే. పెట్ట ఈకలో అది ఎక్కువ, మంచి పుంజు మెడ ఈకలో సన్నటి గీతలా మాత్రమే ఉంటుంది. పుంజు పీచును వేలితో వంచి వదిలితే టక్కున లేస్తుంది, పెట్ట పీచు వాలిపోయి అలాగే ఉండిపోతుంది. అందుకే మునగాల్సిన ఫ్లైకి పెట్ట ఈక, తేలాల్సినదానికి పుంజు ఈక. పుంజు ఈకను కాడతో సహా గాలం చుట్టూ తిప్పితే పీచులు నాలుగు వైపులా సీసాలు కడిగే బ్రష్‌లా నిక్కబొడుచుకుంటాయి. ఈ చుట్టునే హ్యాకిల్ అంటారు. పీచు పొడవు గాలపు నోటి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు ఉండాలని లెక్క. ఎక్కువైతే ఫ్లై ఒరిగిపోతుంది, తక్కువైతే కడుపు నీళ్లకు ఆని మునుగుతుంది.

మరి పురుగుకు ఆరు కాళ్లే కదా, ఈ ఫ్లైకి యాభై ఉన్నాయేమిటి? దీనికి జవాబు కావాలంటే కాసేపు చేపలా అడుగు నుంచి పైకి చూడాలి. వెలుతురు నీళ్లలోకి దిగేటప్పుడు వంగుతుంది కాబట్టి, పైనున్న ప్రపంచమంతా చేప తల మీద ఒక గుండ్రటి కిటికీలోకి ఇరుక్కుంటుంది. ఆ కిటికీ కోణం సుమారు 97 డిగ్రీలు. చేప ఒక అడుగు లోతున ఉంటే కిటికీ వెడల్పు రెండుంపావు అడుగులు, పైకి వచ్చేకొద్దీ అది చిన్నదైపోతుంది. కిటికీ బయట నీటి పైపొర అద్దంలా పనిచేస్తుంది, ఏటి అడుగే అందులో కనబడుతుంది. ఆ అద్దం మీద పురుగు వాలితే ఒళ్లు కనబడదు. కాళ్లు నీటి పొరను నొక్కిన చోట్ల చిన్న చిన్న గుంటలు పడి వెలుతురు చుక్కల్లా మెరుస్తాయి. కొట్టుకొస్తున్న పురుగు గురించి చేపకు ముందు తెలిసేది ఆ చుక్కల వల్లే. అది కిటికీ అంచుకు చేరాకే రెక్కలు, ఆ తర్వాత ఒళ్లు కంటబడతాయి.

హ్యాకిల్ పీచులు చేసే పని ఆ చుక్కలు పుట్టించడమే. చుక్కలు ఆరా, ఇరవయ్యా అని చేప లెక్కపెట్టదు. లెక్కపెట్టేది మనం. ఫ్లైని అరచేతిలో పెట్టుకుని పక్క నుంచి చూసి, అచ్చం పురుగులా ఉందని మురిసిపోతాం. ఆ కోణంలో ఏ చేపా దాన్ని చూడదు.

కట్టడం చూడటానికి తేలిక. గాలాన్ని చిన్న వైస్‌లో బిగిస్తారు. దారపు రీలు బాబిన్ అనే పట్టుకలో ఉంటుంది. దాని సన్నటి గొట్టంలోంచి దారం దిగుతుంది, వదిలేస్తే బాబిన్ బరువుకే బిగువుగా వేలాడుతుంది. మొదటి చుట్లు ఒట్టి గాలం మీద వేస్తారు, లేకపోతే తర్వాత కట్టినవన్నీ నున్నటి ఇనుము మీద గుండ్రంగా తిరుగుతాయి. తర్వాత తోక, ఒళ్లు, రెక్క, హ్యాకిల్. వెనక నుంచి ముందుకు.

అసలు పరీక్ష ఒక చిన్న రెక్కను గాలం నెత్తిన నిలబెట్టడంలో ఉంది. ఈక ముక్కను సరిగ్గా పైన పెడతారు, దారం వేసి లాగుతారు. దారం తిరిగే వైపే ఈక కూడా జారి, అవతలి పక్కకు ఒరిగిపోతుంది. మళ్లీ పెడితే మళ్లీ అంతే. ఇక్కడ బలం పనిచేయదు. ఈకనూ గాలాన్నీ కలిపి ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య గట్టిగా పట్టుకోవాలి. దారాన్ని ఆ రెండు వేళ్ల సందులోంచి పైకి తెచ్చి, ఈక మీద వదులుగా ఒక మెలిక వేసి, అవతల వేలి సందులోంచి కిందికి దించాలి. అంతవరకూ బిగువు ఉండకూడదు. ఇప్పుడు నేరుగా కిందికి లాగితే మెలిక నిలువుగా మూసుకుంటుంది, పీచులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు అణుగుతాయి, ఈక పక్కకు జరగదు. వేళ్లు ఆదరాబాదరాగా తీశారో, కథ మొదటికొచ్చినట్టే. దారం ఎంత లాగితే తెగుతుందో దానికి ఒక్క పిసరు ముందు ఆగడం కూడా చేతికే తెలియాలి. అందుకే నేర్పేవాళ్లు మొదట్లో కావాలనే దారాన్ని తెంపమంటారు.

అందరూ చేసే ఇంకో పొరపాటు ముందు వైపు చోటు మిగల్చకపోవడం. చివరికొచ్చేసరికి ఈకలు గాలపు కన్నును మూసేస్తాయి, తంగూసు దూర్చడానికి సూదితో పొడుచుకోవాల్సి వస్తుంది. చివరి ముడిని విప్ ఫినిష్ అంటారు. నిజానికి అది ముడే కాదు. దారం కొసను దాని చుట్ల కిందే పూడ్చి లాగేయడం. ఆ మీద చుక్క వార్నిష్.

గాలం నంబర్ల విషయం ఒక్క ముక్కలో చెప్పేస్తాను, ఎందుకంటే అందులో లాజిక్ వెతికితే టైమ్ వేస్ట్. నంబర్ పెరిగితే గాలం చిన్నదవుతుంది. 14 అంటే డ్రై ఫ్లైలకు మామూలు సైజు, 28 అంటే గోటి మీద పెడితే ఊదితే ఎగిరిపోయేది. 1 తర్వాత మాత్రం 1/0, 2/0 అంటూ తిరగబడి పెరుగుతుంది.

దారం కట్టడానికే అనుకుంటే పొరపాటు, అది రంగు కూడా. 1854లో విలియం గ్రీన్‌వెల్ అనే మతాధికారి ట్వీడ్ నది మీద చేపలు తింటున్న పురుగునొకటి చూపించి కట్టించుకున్న ఫ్లై, గ్రీన్‌వెల్స్ గ్లోరీ అని ఇప్పటికీ నడుస్తోంది. కట్టింది స్ప్రౌస్టన్ ఊరి జేమ్స్ రైట్. పేరు మాత్రం కట్టించుకున్నవాడికి దక్కింది. దాని ఒళ్లు పసుపు పట్టుదారం. ఆ దారానికి చెప్పులు కుట్టేవాళ్ల నల్లమైనం పట్టిస్తే పసుపు కాస్తా మురికి ఆకుపచ్చలోకి తిరుగుతుంది. పురుగు రంగు సరిగ్గా అదే.

దారాన్నే తీసి పక్కన పెట్టినవాడు ఇంగ్లండ్‌లో ఫ్రాంక్ సాయర్. విల్ట్‌షైర్‌లో ఏవన్ నదికి కాపలాదారు, రోజూ ఆ నీళ్లనే చూస్తూ బతికినవాడు. ఆయన నింఫ్‌లో ఉన్నవి రెండే: నెమలి కుటుంబానికి చెందిన ఫెజెంట్ పక్షి తోక పీచులు, వెంట్రుకంత సన్నటి రాగి తీగ. పీచులను తీగతో కలిపి చుడతాడు. ఆ తీగే దారం, ఆ తీగే బరువు, ఒంటి మీద మెరిసే చారలు కూడా ఆ తీగవే. ముందు వైపు నాలుగు చుట్లు ఎక్కువేసి ఛాతీ ఉబ్బు తెస్తాడు. కాళ్లు పెట్టడు. ఎందుకంటే ఈదుతున్న నింఫ్ కాళ్లను ఒంటికి అదిమి పెట్టుకుంటుందని ఆయన కళ్లారా చూశాడు. నా దృష్టిలో ఈ విద్యలో ఇంతకు మించిన తెలివి లేదు. ఏం తీసేయొచ్చో తెలిసినవాడి పని అది.

నింఫ్ వేయొచ్చా లేదా అని ఇంగ్లండ్‌లో పెద్ద తగాదాలే నడిచాయి. సున్నపురాయి నేలల్లో పుట్టే తేట ఏళ్ల మీద డ్రై ఫ్లైతో మాత్రమే పట్టాలని ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ 1886 నుంచీ పుస్తకాలు రాస్తూ ఒక మతంలా నడిపాడు. లాయరు స్క్యూస్ 1910 నాటికి, చేప తినేది చాలాసార్లు నీటి లోపలే కదా, నింఫ్ ఎందుకు వేయకూడదని అడ్డం తిరిగాడు. 1938లో లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో దీని మీద చర్చ పెట్టుకుని మరీ వాదించుకున్నారు. ఈ వాదనలో చేపల అభిప్రాయం ఎవరూ అడగలేదనుకోండి.

జపాన్ కొండవాగుల జాలరులు ఈ గోలలోకే రాలేదు. వాళ్ల ఫ్లై పేరు కెబారి. అందులో ఒక రకానికి ఈక పీచులు వెనక్కి కాకుండా ముందుకు, గాలపు కన్ను వైపు వంగి ఉంటాయి. కర్రను చిన్నగా ఊపితే పీచులు వెనక్కి ముడుచుకుంటాయి, వదిలితే విచ్చుకుంటాయి. ఏ పురుగుకూ నకలు కాదు, కానీ ప్రాణం ఉన్నట్టు కదులుతుంది. చాలామంది ఏడాదంతా ఒకటి రెండు నమూనాలతోనే గడిపేస్తారు.

ఇంతవరకూ చేప కళ్ల కథ. సాల్మన్ దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది.

అట్లాంటిక్ సాల్మన్ సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదిలోకి వస్తుంది. నదిలోకి వచ్చాక తినడం మానేస్తుంది. మరి ఫ్లైని ఎందుకు అందుకుంటుంది? కోపమా, పాత అలవాటా, ఆటా, ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. తినని చేపకు ఏ పురుగును నకలు చేయాలి? జవాబు లేదు కాబట్టి కట్టేవాళ్లకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. 19వ శతాబ్దపు బ్రిటన్‌లో సాల్మన్ ఫ్లైలు పెళ్లికూతుళ్లలా తయారయ్యాయి. టూకాన్ రొమ్ము ఈకలు, మకావ్ తోకలు, బంగారు ఫెజెంట్ తురాయి, నీలి కోటింగా పక్షి ఈకలు. ‘ఇండియన్ క్రో’ అని ఒక ఎర్ర ఈకకు చాలా గిరాకీ. పేరు చూసి మన కాకి అనుకునేరు. అది ఇండియాది కాదు, కాకీ కాదు, దక్షిణ అమెరికా అడవుల్లో పండ్లు తినే ఒక పక్షి. నిజంగా ఇండియాది ఇంకొకటుంది: పశ్చిమ, దక్షిణ భారత అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవిపుంజు. దాని మెడ ఈకల చివర మైనం పూసినట్టు మెరిసే పసుపు, తెలుపు మచ్చలు ఉంటాయి. గాలం పక్కన ఒక్క ఈక కడితే చేపపిల్ల కన్ను పెట్టినట్టే.

ఇన్ని దేశాల ఈకలు ఒక్కచోట ఎలా దొరికాయంటే, అప్పటి టోపీల ఫ్యాషన్ వల్ల. ఆడవాళ్ల టోపీలకు పెట్టడానికి పక్షుల చర్మాలు ఓడలకెత్తి లండన్‌కు వచ్చేవి. అందులో కొన్ని ఫ్లై కట్టేవాళ్ల బల్లలకు చేరేవి.

ఈ ఫ్లైల రెక్క కట్టడం మాత్రం నిజంగా చూసి తీరాల్సిన పని. ఒక్కో రంగు ఈక నుంచి రెండు మూడు పీచులు తుంచి, అంచుకు అంచు ఆనించి వేళ్లతో మెల్లగా దువ్వుతారు. జిగురు ఉండదు. పీచుల అంచున కంటికి కనబడని కొక్కేలు ఉంటాయి, అవి పక్క పీచును జిప్‌లా పట్టుకుంటాయి. ముక్కు పెట్టి ఈకలు సవరించుకునే పక్షి చేసేది కూడా ఆ జిప్‌ను వేయడమే. అలా ఎరుపు, పసుపు, నీలం, చారల గోధుమ రంగు పీచులు కలిసి ఒకే ఈకగా మారతాయి, ఏ పక్షికీ లేని ఈకగా. ఒక ఫ్లైకి గంటలు పడుతుంది.

ఈ అందానికి చెల్లించిన ధర తక్కువేం కాదు. బ్రిటన్ 1921లో పక్షి ఈకల దిగుమతి మీద నిషేధ చట్టం తెచ్చింది. 1975 నుంచి అంతర్జాతీయ వన్యప్రాణి వర్తక ఒప్పందం అమల్లో ఉంది. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి చట్టం అడవిపుంజుకు రక్షణ ఇస్తోంది. బయటి దేశాల్లో వాడే అడవిపుంజు ఈకలు ఇప్పుడు పెంపకపు పక్షుల నుంచి వస్తాయి. అయినా పాత పద్ధతిలో, పాత ఈకలతోనే కట్టాలనే మోజు చావలేదు. 2009 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్‌లో, సహజ చరిత్ర మ్యూజియం పక్షుల భవనంలోకి సంగీతం చదువుకునే ఒక అమెరికన్ కుర్రాడు కిటికీ పగలగొట్టి దూరాడు, 299 పక్షి చర్మాలు సూట్‌కేసులో నింపుకుని పోయాడు. వాటిలో కొన్ని ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ స్వయంగా సేకరించినవి. డార్విన్‌తో పాటు పరిణామ సిద్ధాంతాన్ని కనిపెట్టిన వాలెస్. ఆ కుర్రాడు ఫ్లైలు కట్టడంలో అప్పటికే పేరున్నవాడు. చర్మాలకు కట్టిన చీటీల మీద ఏ పక్షి, ఎక్కడ, ఎప్పుడు అని రాసి ఉంటుంది. చీటీ పోతే శాస్త్రజ్ఞులకు ఆ చర్మం దాదాపు ఎందుకూ కొరగాదు. వెనక్కి దొరికిన వాటిలో చాలావాటికి చీటీలు లేవు. నిజం చెప్పాలంటే రంగు వేసిన టర్కీ కోడి ఈకలతో కట్టిన ఫ్లైకి సాల్మన్ ఏం తక్కువ చేయదు. ఈ దొంగతనం చేప కోసం జరిగింది కాదు.

మామూలు ఈక కథ వేరే దారిన నడిచింది. అమెరికాలో కొన్ని ఫారాలు దశాబ్దాలుగా గుడ్డు కోసమో మాంసం కోసమో కాకుండా ఈక కోసమే పుంజులను పెంచుతున్నాయి. తరం తరువాత తరం ఎంచుకుంటూ పోగా, వీపు ఈకలు ఒక అడుగు దాకా పెరిగే పుంజులు వచ్చాయి. ఆ పొడుగునా పీచు ఒకే కొలతలో ఉంటుంది, ఒక్క ఈకతో నాలుగైదు ఫ్లైలు అవుతాయి. 2011లో ఆ పొడవాటి ఈకలను జుట్టులో పెట్టుకునే ఫ్యాషన్ వచ్చింది. ఫ్లై సామాన్ల షాపుల్లో స్టాక్ ఖాళీ, ధరలు చుక్కల్లో. టోపీలు పోయి జడలు వచ్చాయి, అంతే తేడా.

స్కాట్లాండ్ ఉత్తరాన, బ్రోరా ఊరి దగ్గర మెగన్ బాయ్డ్ అనే ఆవిడ ఉండేది. జీవితమంతా సాల్మన్ ఫ్లైలు కట్టి బతికింది, రాజకుటుంబం కూడా ఆమె దగ్గర కట్టించుకునేది. 1971లో బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇచ్చారు. కళ్లు దెబ్బతిన్నాక పని మానేసి, 2001లో పోయింది. ఆమె తాను ఎప్పుడూ సాల్మన్‌ను పట్టలేదు. పట్టాలని ఉండేది కాదు కూడా.

ఏటి దగ్గర రోజూ ఉండేవాళ్లను అడిగితే ఇంకో మాట చెబుతారు. వైస్ నుంచి తీసినప్పుడు నీటుగా ఉన్న ఫ్లై రెండు మూడు చేపల పళ్లకు చిక్కాక హ్యాకిల్ తెగుతుంది, ఒంటి పీచులు చిరిగి వేలాడతాయి, తోకలో సగం ఊడిపోతుంది. చూస్తే పారేయాలనిపిస్తుంది. చాలామంది పారేయరు. పెట్టెలో వరసగా కొత్తవి ఉన్నా, పొద్దుపోయేదాకా ఆ చిరిగినదాన్నే వేస్తారు, చేప దాన్నే ఎక్కువగా అందుకుంటుందని.